చిన్న సైజు మేజోళ్లు

బందరులో ఆడపిల్లల హైస్కూల్లో నేను లెక్కలు చెప్పేదాన్ని. రోజుకి ఆరు పీరియడ్లు. క్లాసులో కుర్చీ ఉండేది కానీ దాని మీద నా చేతిసంచీ, హాజరు పుస్తకం కూర్చునేవి. నేను కూర్చునేదాన్ని కాదు. కూర్చుని చెబితే వెనక బెంచీల వాళ్లు నిద్రపోతారని నాకో నమ్మకం. పదేళ్లు అలాగే నిలబడ్డాను.

రెండో కాన్పు తరవాత ఎడమకాలి పిక్క మీద నరాలు ఉబ్బడం మొదలైంది. మొదట సన్నగా, నీలంగా ఉండేవి, పోనుపోను మెలికలు తిరిగి వేలి లావున పైకి తేలాయి. సాయంత్రమయ్యేసరికి ఆ కాలు నాది కానట్టు బరువెక్కేది. చీలమండ దగ్గర చర్మం గోధుమ రంగుకి తిరిగి, ఒకటే దురద. ఎవరికీ చూపించలేదు. కుచ్చిళ్లు నేల మీద జీరాడేలా కట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? మా ఆయన కోర్టు గుమాస్తా, కాగితాల కట్టతోనే ఇంటికొచ్చే మనిషి. ఆయనకీ చెప్పలేదు. నొప్పి కంటే సిగ్గే ఎక్కువ బాధపెట్టేది.

దివిసీమలో ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు మా స్కూలుకి కొత్త ఆయమ్మ వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయేమో. నాగాయలంక దగ్గర పల్లె. ఇల్లు ఉప్పెనలో కొట్టుకుపోయింది. భర్త అంతకు ముందే పోయాడు. కొడుకు ఊళ్లోనే ఉండి మళ్లీ ఇల్లు కట్టుకునే ప్రయత్నంలో ఉంటే, ఈమె బందరులో చెల్లెలి దగ్గరికి చేరి పని వెతుక్కుంది. గంట కొట్టడం, కుండల్లో నీళ్లు నింపడం, గదులు ఊడవడం ఆమె పని. తక్కువ మాట్లాడేది. ఉప్పెన గురించి ఎవరైనా అడిగితే, "అయిపోయింది కదండీ" అని చీపురు అందుకునేది.

ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో బోర్డు మీద త్రిభుజం గీసి ఇటు తిరుగుతుంటే, బెంచీకి ఊడి ఉన్న ఇనప పట్టీ చీలమండకి గీసుకుంది. పెద్ద దెబ్బేం కాదు. చుర్రుమంది, ఊరుకున్నాను. కాసేపటికి చెప్పులో పాదం వెచ్చగా, జారుతున్నట్టు అనిపించింది. కిందికి చూస్తే గచ్చు మీద నేను నడిచిన చోటల్లా ఎర్రటి అడుగులు. పిల్లలు బెదిరిపోయి లేచి నిలబడ్డారు.

వరండాలో ఉన్న ఆయమ్మ లోపలికొచ్చి ఒక్క చూపు చూసి, "పడుకోండి టీచరుగారూ" అంది. పిల్లల ముందు నేల మీద పడుకోవడమేమిటని నేను తటపటాయిస్తుంటే భుజాలు పట్టుకుని పడుకోబెట్టేసింది. కుర్చీ మీది సామాను తీసి నా కాలు దాని మీదికెత్తింది. చీర పైకి తోసి, తన కొంగు మడతపెట్టి, రక్తం చిమ్ముతున్న చోట గట్టిగా అదిమి పట్టింది. పిల్లల్ని బయటికి పంపేసింది. పావుగంట దాకా ఆ చెయ్యి తియ్యలేదు. అప్పుడు ఆమె చూపు నా పిక్క మీద పడింది.

"ఎన్నాళ్లనుంచి దాస్తున్నారమ్మా ఈ కాలు?"

"నాలుగేళ్లు" అన్నాను. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

వాళ్ల ఊళ్లో రోజంతా వంగి నాట్లేసే ఆడవాళ్లలో ఇలాంటి కాళ్లు చాలా చూసిందట. ఒకామె ఇలాగే నరం చిట్లితే నిలబడే ఉండి, ఒళ్లు తూలి పడేదాకా రక్తం పోగొట్టుకుందట. అందుకే నన్ను ముందు పడుకోబెట్టానని చెప్పింది.

మా పుట్టిల్లు గుడివాడ. ఆ ఆదివారం పాసింజరు బండిలో అక్కడికెళ్లి, మా అన్నయ్యకి తెలిసిన సర్జన్‌కి చూపించుకున్నాను. పెద్దాయన. నిలబడమని కాలు చూశారు, తరవాత పడుకోబెట్టి పాదం మీద, మడమ లోపలి పక్కన వేళ్లు పెట్టి కాసేపు ఉన్నారు. ఏం చూస్తున్నారో నేనడగలేదు. కాలి నరాల్లో రక్తాన్ని పైకి పంపే తలుపుల్లాంటివి ఉంటాయనీ, అవి పాడైతే రక్తం కిందే నిలిచిపోతుందనీ చెప్పారు. ఆపరేషను చేయించుకోవచ్చు కానీ పిల్లలు మరీ చిన్నవాళ్లు, అప్పట్లో అన్ని రోజుల సెలవు నాకు కుదరదు. అయితే అందాకా ఎలాస్టిక్ మేజోళ్లు వేసుకోమన్నారు. పొద్దున్నే మంచం దిగకముందే చీలమండ చుట్టూ, పిక్క చుట్టూ, మోకాలి కిందా కొలతలు తీసుకుని, ఆ ప్రకారం కొనమన్నారు.

నేను కొలవలేదు. బందరులో మందుల షాపతను మద్రాసు నుంచి తెప్పించి పెట్టాడు. చిన్నది, మధ్యరకం, పెద్దది, మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. చుట్టూ అంతమంది మగవాళ్లు నిలబడి ఉండగా నా పిక్క చుట్టుకొలత గురించి మాట్లాడాలంటే నాలుక ఆడలేదు. నా పాదం చిన్నది, చెప్పులెప్పుడూ చిన్న సైజే. చిన్నదే ఇవ్వమని, డబ్బా చీర కొంగులో దాచుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి విప్పి చూస్తే అదో రంగు, గులాబీకీ గోధుమకీ మధ్య. బందరులో ఆ రంగు కాళ్లున్న మనిషిని నేనెరగను. తొడుక్కోవడానికి అరగంట పట్టింది. స్కూలుకెళ్లేసరికి పైఅంచు చుట్టుకుపోయి మోకాలి కింద తాడులా బిగుసుకుంది. మూడో పీరియడుకి పాదం తిమ్మిరెక్కింది. బిగుతుగా ఉందంటే పనిచేస్తోందనే అనుకున్నాను. ఎనిమిది రోజులు పళ్ల బిగువున వేసుకున్నాను. ఈలోగా పిల్లలు కనిపెట్టనే కనిపెట్టారు. మేజోళ్లు చూసి, టీచరుగారు ఎన్‌సీసీలో చేరారా అని ఒక పిల్ల నిజంగానే అడిగింది. నవ్వేశాను. దాచడానికి ఇంకేం మిగల్లేదని తేలాక, ఆ సంగతి అంత కష్టంగా అనిపించలేదు.

మళ్లీ గుడివాడ వెళ్తే డాక్టరుగారు మోకాలి కింద ఎర్రగా పడిన గాడి చూసి, "చెప్పుల సైజు చూసి కొన్నారా?" అన్నారు. నేను తల దించుకున్నాను. మర్నాడు తెల్లవారగానే, నేను మంచం మీద ఉండగానే మా వదిన టేపు పెట్టి కొలిచింది. నాకు సరిపోయేది మధ్యరకం. మూడు వారాలకి ఆ జత వచ్చింది.

అది వేసుకోవడమూ ఒక విద్యే. నిద్ర లేచి కాలు కింద పెట్టకముందే కాస్త పౌడరు రాసుకోవాలి. మేజోడుని మడమ దాకా లోపలివైపు తిరగేసి, ముందు మడమ కుదురుగా కూర్చోబెట్టి, ఆ తరవాత ముడత పడకుండా పైకి సర్దుకుంటూ పోవాలి. పడుకునేముందు తీసెయ్యాలి. బందరు ఎండల్లో లోపల చెమట కారిపోయేది. అయినా నెల తిరిగేసరికి సాయంత్రాలు తేలిగ్గా ఉన్నాయి. దురద తగ్గింది. పిల్లల్ని తీసుకుని బజారుకి నడిచి వెళ్లగలిగాను.

ఆ సంతోషంలోనే నేనొక పొరపాటు చేశాను.

ఆయమ్మకీ కాళ్లు బాగుండేవి కావు. సాయంత్రానికి పాదాలు వాచేవి, అరికాళ్లు మంటలని కడిగిన గచ్చు మీద నిలబడేది. సన్నటి కాళ్లు. నా దగ్గర చిన్న సైజు జత ఇంచుమించు కొత్తదే పడి ఉంది. ఒక సోమవారం తెచ్చి ఆమెకిచ్చాను. ఎలా తొడుక్కోవాలో చూపించాను. రాత్రి తీసెయ్యాలని చెప్పాలని తోచనే లేదు. డాక్టరుకి చూపించాలని అసలే తోచలేదు. రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

శనివారం ఆమె పనిలోకి రాలేదు. సోమవారం వచ్చింది కానీ కుంటుతోంది. అడిగితే ఏం లేదంది. చెయ్యి పట్టుకుని ప్రయోగశాల గదిలోకి తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టి, నేను కింద కూర్చుని మేజోళ్లు తీయబోయాను. వద్దని కాళ్లు వెనక్కి లాక్కుంది. నేను ఆమె కాళ్లు పట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. బలవంతాన తీశాను. వేసుకున్న రోజు నుంచీ ఒక్కసారి కూడా విప్పలేదట, స్నానానికి కూడా. కాలివేళ్లు చల్లగా ఉన్నాయి, కమిలినట్టు నీలంగా ఉన్నాయి. కుడికాలి చిటికెన వేలి మీద పొక్కు చితికి నల్లబడింది.

నొప్పి లేదా అంటే, "మొద్దుబారిపోయిందండీ, తెలవటం లేదు" అంది.

ఆ మాటకి నాకు భయం వేసింది. సెలవు చీటీ రాసిచ్చి, అప్పుడే ఆమెని బండెక్కించి గుడివాడ తీసుకెళ్లాను.

డాక్టరుగారు ఆమె పాదం మీద వేళ్లు పెట్టి వెతికారు. నా పాదం మీద పెట్టిన చోటే. ఈసారి చాలాసేపు వెతికారు. నాడి కోసమని అప్పుడర్థమైంది. మూత్రం పరీక్ష చేయించారు. గాజు గొట్టంలో మందు కలిపి స్పిరిటు దీపం మీద కాస్తే ఇటుక రంగుకి తిరిగింది. ఆమెకి సుగరుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"మీ కాళ్లలో రక్తం పైకి ఎక్కలేక నిలిచిపోతోందమ్మా" అన్నారు డాక్టరుగారు నాతో. "ఈవిడకి కిందికే సరిగ్గా దిగడం లేదు. ఆ దిగే కాస్తనీ మేజోడు నొక్కేసింది. ఇది మందులాంటిది, బట్ట కాదు. ఎవరిచ్చారు ఈవిడకి?"

నేనే ఇచ్చానన్నాను. ఇంకో వారం గడిస్తే వేళ్లు దక్కేవి కావని చెప్పి, ఆయన పుండు ఎలా కడగాలో, కట్టు ఎంత వదులుగా కట్టాలో నాకే నేర్పించారు.

తిరుగు బండిలో పక్కపక్కన కూర్చున్నాం. నా ప్రాణం కాపాడిన మనిషి కాలు తీసేదాకా తెచ్చాననే ఆలోచనే నన్ను కోస్తోంది. కౌతారం దాటాక ధైర్యం తెచ్చుకుని, తప్పు నాదే, క్షమించమని అడిగాను. అన్ని రోజులు నొప్పిగా ఉన్నా ఎందుకు తియ్యలేదని కూడా అడిగాను.

ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "ఉప్పెన తరవాత చీరలిచ్చారు, గిన్నెలిచ్చారు. అందరికీ ఇచ్చినట్టే నాకూ ఇచ్చారు. నా కాళ్లు నొప్పని చూసి, నాకోసమని ఎవరూ ఏదీ ఇవ్వలేదండీ. మీరిచ్చారు. అందుకే తియ్యబుద్ధి కాలేదు."



రెండు నెలలు మధ్యాహ్నం బెల్లు కొట్టాక ప్రయోగశాలలో ఆమె పాదం కడిగి కట్టు కట్టాను. స్టాఫు రూములో కొందరికి అది నచ్చలేదు. మొహం మీద అనలేదు కానీ నా పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు. ఆయమ్మ మాత్రలు వేసుకుంది. కాఫీలో పంచదార మానమంటే మాత్రం నాతో వారం రోజులు బేరమాడి, ఒక చెంచాకి ఒప్పుకుంది. పుండు మానింది. చిటికెన వేలి గోరు మళ్లీ రాలేదు, వేలు కాస్త వంకర తిరిగి ఉండిపోయింది. ఆ చిన్న సైజు జతని మా ఇంట్లో కత్తెరతో ముక్కలు చేశాను, ఇంకెవరి కాళ్లకీ వెళ్లకూడదని.

మరుసటి వేసవి సెలవుల్లో నేను ఆపరేషను చేయించుకున్నాను. అదే వేసవిలో ఆమె కొడుకు కబురు పంపితే ఊరెళ్లిపోయింది. ఆ ఏడు చలికాలంలో చల్లపల్లి మీదుగా బస్సు పట్టుకుని ఆమెని చూడ్డానికి వెళ్లాను. రెండు గదుల పెంకుటిల్లు, ఇంకా సున్నం వెయ్యలేదు. కోడలు చేపల పులుసుతో అన్నం పెట్టింది. తిన్నంతసేపూ ఆయమ్మ నా ఎదురుగా కూర్చుని విసురుతూనే ఉంది, చలికాలమని చెప్పినా వినకుండా.

సాయంత్రం బస్సు రోడ్డు దాకా దిగబెడతానని వచ్చింది. చేల గట్టు మీద మైలున్నర నడక. మెత్తటి చెప్పులేసుకుని ముందు ఆమె, వెనక నేను. వరి కోతకొచ్చి ఉంది. ఆమె ఎక్కడా ఆగలేదు. మాట్లాడుతూ నడుస్తుంటే నేను వెనకబడిపోయాను. అది చూసి, ఆమె గట్టు చివర నిలబడి నాకోసం ఎదురుచూసింది.