బసప్ప నడుముకు తాడు

విషజ్వరం తగ్గాక గోనెగండ్ల బసప్పకు చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులను చూసి గ్రహించేవాడు. సంగతి భార్య హులిగమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే అతని బండికి పత్తి ఎత్తేవాళ్లుండరు. ఎమ్మిగనూరు మీదుగా ఆదోని మిల్లుకు పత్తి తోలడమే వాళ్ల బతుకు.

దారిలో అతనికి చెవులు మైలగాడు. వలపట, అంటే కుడివైపు, కట్టే ఎద్దు. వెనక బస్సు హారన్ కొడితే చాలు, జతగాడి మీదికి ఒరిగి బండిని ఎడమకు నెట్టేది. అది చూసి బసప్ప కూడా పగ్గం అటే లాగేవాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మైలగాడి మెడకు ఒక పక్క కాడి రాసుకుని పుండయింది. కాడికి రెండో పక్క కడితే నొప్పి తగ్గుతుందని బసప్ప ఎద్దులను మార్చి కట్టాడు.

ఎమ్మిగనూరు దాటాక వెనక హారన్ మోగింది. మైలగాడు అలవాటు కొద్దీ జతగాడి మీదికి ఒరిగింది. బండి నడిరోడ్డు మీదికి వచ్చింది. బస్సు దాని చక్రానికి తగిలి, పక్క చేనులోకి దిగి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. చక్రం ఆకులు విరిగాయి. పత్తి రోడ్డంతా చెదిరింది.

డ్రైవరు బసప్ప ముందుకొచ్చి నిలబడ్డాడు. "అంతసేపు హారను కొడితి గదప్పా! నిద్రపోతాండావా?"

బసప్ప అతని పెదవులనే చూశాడు. "అవునన్నా. కన్నంటుకునింది."

"బస్సులో పసిబిడ్డలుండారు సామీ!"

ఇంటికొచ్చి బసప్ప జరిగింది చెప్పి, చివరికి ఆ మాటే అన్నాడు. "పసిబిడ్డలంటనే. ఇంక నేను బండి తోలను."

పుండుకు పసుపు పూస్తున్న హులిగమ్మ లేచి అతని ఎదుటికి వచ్చింది. "మైలగాన్ని యా పక్క కట్టినావు?"

బసప్ప ఎడమచెయ్యి చూపించాడు.

"వాడు నేర్సుకున్నట్టే సేసినాడు. నీ సెవులను నువ్వే తీసి ఆపక్క పెడితివి." అతని భుజం మీది పత్తి పీచు తీసింది. "పుండు మానేదాంక నేనొస్తా, పా."

చక్రం బాగయ్యాక ఆమె పత్తి మీద వెనక్కి తిరిగి కూర్చుంది. తాడు ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస బసప్ప నడుముకు.

ఎదురొచ్చిన వాళ్ల ఊరి నరసన్న నవ్వాడు. "ఏమక్కా, ఎద్దులు సాలవని మొగుణ్ణి గూడ కట్టినావా?"

"ఈ మూడోదే మొండిదప్పా!"

పుండు మానింది. మైలగాడు మళ్లీ వలపటికి వచ్చింది. హులిగమ్మ మాత్రం బండి దిగలేదు.

ఒకరోజు తాడు గుంజింది. బసప్ప బండిని పక్కకు తీసి వెనక్కి చూశాడు. దారిలో తమ చక్రాలు లేపిన దుమ్ము తప్ప ఏమీ లేదు.

"యాడుందే బస్సు?"

హులిగమ్మ అతనివైపు తిరిగి శెనక్కాయల పొడి వేసిన జొన్నరొట్టె ముందుకు చాచింది.

"ఆకలైతాంటాదేమోనని."