పలక కడిగిన నీళ్లు

కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లిలో మా అంగడి వెనక గదిలో, సాయంత్రాలు సర్కారు వాళ్లు ఆడవాళ్లకు కన్నడ అక్షరాలు నేర్పించేవారు. నేను చేరేసరికి నాకు యాభై ఏళ్లు దాటాయి. నేర్పేది మా వీధిలోని ముస్లిం టీచరమ్మ. పొద్దున తన ఇంట్లో ఆడపిల్లలకు ఖురాన్ చదివించి, సాయంత్రం మా దగ్గరికి వచ్చేది.

మొదటిరోజే పలక మీద ఉమ్మి, కొంగుతో తుడవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, అక్షరాల మీద ఉమ్ముతారా? మా ఇంట్లో పలక కడిగిన నీళ్లు గూడా తొక్కేచోట పొయ్యం. చెట్టు మొదట్లో పోస్తాం."

అప్పటినుంచి మా పలకల నీళ్లన్నీ గడప పక్క కరివేపాకు చెట్టుకే.

ఆ రోజుల్లో టీవీలో ఎక్కడో యుద్ధాల దేశంలో ఆడపిల్లల బళ్లు కాల్చేస్తున్నారని చూపించేవారు. మా ఆయన ఎగతాళి చేశాడు. "సూడమే, వాళ్లల్లో ఆడోళ్లకు సదువు కూడదంట. నీకేమో ఆయమ్మే చెప్తాండాది!"

మర్నాడు అది నిజమేనా అని టీచరమ్మనే అడిగేశాను.

"తుపాకి పట్టినోడు చెప్పిందే మతమా అక్కా? మా ప్రవక్తకు మొట్టమొదట దిగిన మాటే 'చదువు' అని. మొగోళ్లకైనా ఆడోళ్లకైనా అది విధి. మాయమ్మ ఆ మాట చెప్పే నన్ను బడికి తోలింది."

నాలుగు నెలలకు తాలూకా ఆఫీసు నుంచి ఒకాయన రిజిస్టరు తెచ్చాడు. అందరికీ సహి, అదే సంతకం, చెయ్యడం వచ్చింది కాబట్టి తరగతి మూసేస్తారట. తక్కినవాళ్లు గబగబా సహి చేశారు. నేను రిజిస్టరు దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాను. వీళ్లందరూ చదవడం, రాయడం నేర్చుకున్నారని రాసి ఉంది.

"నాకు చదివేది ఇంకా రాలేదప్పా. రాలేదని రాయి, సహి చేస్తా."

"చదివేసి రాలేదంటావేమ్మా!" అని ఆయన నవ్వాడు.

"రెండు వరుసలకు ఇంతసేపు పట్టె. ఇది వచ్చినట్లా?"

నా గడి ఖాళీగానే రిజిస్టరు వెళ్లిపోయింది. అయినా తరగతి మూతపడింది.

మరుసటి పొద్దున పలక పట్టుకుని టీచరమ్మ ఇంటికి పోయి, పిల్లల వెనక కూర్చున్నాను. ఒక పాప తిరిగి చూసింది. "అవ్వా, నువ్వు గూడా ఖురాన్ చదువుతావా?"

"లేదమ్మా. చింతామణి ఊరికి పోయే బస్సు బోర్డు చదవాల, అది కదిలేలోగా."

టీచరమ్మ పలక కడుక్కోమని నీళ్ల చెంబు నా వైపు జరిపింది.