భుజం పట్టుకుని వెళ్ళిపోయిన అమ్మాయి

మండపేటలో మా ఇల్లూ, మా గోనెసంచుల కొట్టూ ఒకే పెంకుటింట్లో ఉండేవి. ముందుగది కొట్టు, వెనక మూడు గదులు ఇల్లు. రెంటికీ మధ్య ఒక కర్టెన్ మాత్రమే అడ్డు. కొట్లో ఎవరేం మాట్లాడినా వంటింటి దాకా వినబడేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగా, ఆ కర్టెన్ వెనక నిలబడి విన్న కొన్ని మాటలు నన్ను ఎంత భయపెట్టాయో ఇప్పటి దాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఆసియా దేశాల టెన్నిస్ పోటీలు జరుగుతున్న రోజులవి. మా నాన్న జన్మలో రాకెట్టు పట్టుకున్న మనిషి కాదు. కానీ టెన్నిసంటే ప్రాణం. పేపరు రాగానే ముందు ఆటల పేజీ తీసేవారు. ఏడింటికల్లా మరో ఇద్దరు వచ్చి సంచుల బేళ్ళ మీద కూర్చునేవారు. ఒకాయన మా వీధి చివరి రైసుమిల్లు యజమాని. వాళ్ళింట్లో పెద్ద టీవీ ఉండేది, ముందురోజు మ్యాచ్‌లు చూసి వచ్చేవారు. రెండో ఆయన హైస్కూల్లో రిటైరైన డ్రిల్లు మాస్టారు. నాకు టెన్నిస్ నేర్పింది ఆయనే.

క్లబ్బు వెనక ఉన్న మట్టికోర్టు పొద్దున పూట ఖాళీగా ఉండేది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మాస్టారే నాన్నని అడిగి నన్ను అక్కడికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. డబ్బు తీసుకునేవారు కాదు. ఊళ్ళో టెన్నిస్ ఆడే ఆడపిల్లని నేనొక్కదాన్నే. అయిదున్నర నుంచి ఏడు దాకా ఆట. ఆ తరవాత ఆయన సైకిలు నడిపించుకుంటూ నాతోబాటే మా కొట్టుకి వచ్చేవారు. నేను ఇంట్లోకి, ఆయన పేపరు దగ్గరికి.

ఆ రోజు పొద్దున నాకు భుజం కలుక్కుమంది. సర్వీసు కోసం చెయ్యి ఎత్తినప్పుడు లోపల ఏదో దారం తెగినట్టనిపించింది. ఇంకో పది సర్వీసులు చేశాను. ఇంటికొచ్చి దువ్వెన తీసుకుంటే చెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. ఎడం చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని ఎత్తబోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్నకి చెబుదామని కర్టెన్ దాకా వెళ్ళాను.

కొట్లో వాదన జోరుగా సాగుతోంది.

"మన అమ్మాయి మొదటి సెట్టు గెలిచిందండి, నేను చూశానుగా," అంటున్నారు మిల్లు యజమాని. "రెండో సెట్టులో మూడు గేములయ్యాక భుజం పట్టుకుంది. డాక్టరొచ్చాడు, ఏదో మందు కొట్టాడు. ఇంకో గేము ఆడి, షేక్‌హ్యాండిచ్చేసి వెళ్ళిపోయింది."

"అదేనండీ నేననేది," నాన్న అందుకున్నారు. "కొండంత ఆశపెట్టుకుంటాం మనం. మగాళ్ళు సింగిల్సులో తుస్సుమన్నారు. డబుల్సులో ఏదో కంచు తెచ్చారు. ఈ అమ్మాయి ఒక్కర్తీ తెస్తుందనుకుంటే..."

"నొప్పేం కాదండి," అన్నారు మాస్టారు. నాకు నేర్పేటప్పుడు ఎంత నెమ్మదిగా మాట్లాడతారో అంత నెమ్మదిగానే అన్నారు. "భయం. అవతలి పిల్ల సర్వీసు బ్రేక్ చేసింది. ఓడిపోతానని తెలిసిపోయింది. ఓడిపోయానని చెప్పుకోవడం నామర్దా. భుజం పట్టుకుంటే జాలిపడతారు."

"నిజంగా నొప్పేమోనండీ, పాపం," అన్నారు మిల్లు యజమాని.

"మీరు మరీనండి. నలభై ఏళ్ళు పిల్లల్ని చూశాను. పరుగుపందెంలో నాలుగో స్థానంలో ఉన్నవాడికే కాలు పట్టేస్తుంది. ముందున్నవాడికి పట్టదు. నిజంగా నొప్పుంటే మొహం వేరేగా ఉంటుంది. పేపర్లో ఆ పిల్ల మొహం చూశారా? దేశం కోసం ఆడేది ఒక్క పది రోజులు. ఆ పది రోజులు చెయ్యి తెగిపడ్డా ఆడాలి."

"అదీ మాట," అన్నారు నాన్న.

నేను వెనక్కి వచ్చేశాను. ఆ మాటలు నన్ను కాదని తెలుసు. కానీ సరిగ్గా రెండు వారాల్లో రాజమండ్రిలో జిల్లా స్థాయి పోటీలున్నాయి. వీళ్ళు ముగ్గురూ మిల్లాయన కారులో చూడడానికొస్తామని ఎప్పుడో అనుకున్నారు. అమ్మ దగ్గరికి వెళ్ళి, చదువుకోడానికి టైము చాలడం లేదు, కాస్త జడ వెయ్యమన్నాను.

"ఏంటే, ఇన్నాళ్ళకి నా చేతి జడ నచ్చిందా?" అని నవ్వి వేసింది. మర్నాడూ వేసింది. ఆ మర్నాడూ.

ఆ రెండు వారాలూ నేను రెండు రకాల భయాలతో తిరిగాను. ఒకటి చేతి గురించి. మా వీధి టీకొట్టు దగ్గర ఒకాయన కూర్చునేవాడు. మిల్లు బెల్టులో పడి ఆయన కుడి చెయ్యి చచ్చుబడింది. ఎడం చేత్తో గ్లాసు పట్టుకుని, కుడి చేతిని ఒళ్ళో పెట్టుకునేవాడు, అది తనది కానట్టు. కాలేజీకి వెళ్తూ రోజూ ఆయన్ని చూసేదాన్ని. అప్పట్నుంచి చూడకుండా అవతలి పక్క నుంచి వెళ్ళడం మొదలుపెట్టాను. రెండో భయం మాస్టారి గురించి. ఆయన నన్ను తిట్టిన రోజంటూ లేదు. తిట్టే మనిషైతే అంత భయపడేదాన్ని కాదేమో.

"మోచెయ్యి ఎత్తమ్మా. ఏంటలా కిందనుంచి తోస్తున్నావు?" అనేవారు కోర్టులో.

"అలవాటు మారుస్తున్నానండి."

"పోటీ ముందా మార్చేది?"

పళ్ళు బిగించి ఎత్తేదాన్ని. మొహంలో ఏమీ కనబడకూడదని ప్రయత్నించేదాన్ని. మళ్ళీ అంతలోనే, నిజంగా నొప్పుంటే మొహం వేరేగా ఉంటుందని ఆయన అన్నమాట గుర్తొచ్చేది. మరి నా మొహం మామూలుగా ఉంటే నాది నిజం నొప్పి కాదా? పిరికిదాన్నై నాకు నేనే తెచ్చిపెట్టుకున్నానా? ఇంటికొచ్చి గది తలుపేసుకుని అద్దంలో చూసుకుంటూ చెయ్యి ఎత్తేదాన్ని, నొప్పి వచ్చినప్పుడు మొహం ఎలా మారుతుందో చూడడానికి. పదిహేడేళ్ళ పిల్ల చేసే పని కాదది. కానీ చేశాను.

కొట్లో వాదన రోజూ సాగేది. పోటీలు ముగిశాక కూడా ఆగలేదు. ఎవరు దేశం కోసం ఆడారు, ఎవరు మొక్కుబడికి ఆడారు, ఎవరిని మళ్ళీ పంపకూడదు అని లెక్క తేల్చేవారు. మిల్లాయన ఒక్కరే అప్పుడప్పుడు ఆ అమ్మాయి తరఫున మాట్లాడేవారు. మిగతా ఇద్దరూ కలిసి ఆయన్ని నవ్వుతూ కొట్టిపారేసేవారు. నాన్న నవ్వు నాకు ఎంతో ఇష్టం. ఆ రోజుల్లో ఆ నవ్వు వినబడితే వెనక గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

జిల్లా మొత్తమ్మీద పేర్లిచ్చిన ఆడపిల్లలం నలుగురమే, కాబట్టి రాజమండ్రిలో నా మొదటి ఆటే సెమీఫైనల్, పొద్దున పదింటికి. వరికోతలు ముగుస్తున్న రోజులు, రోడ్డు నిండా ధాన్యం ట్రాక్టర్లు. ద్వారపూడి దాటేదాకా కారు నత్తలా నడిచింది. మిల్లాయన నడుపుతుంటే ముందు సీట్లో నాన్న, వెనక మాస్టారికీ కిటికీకీ మధ్య నేను. ఆయన దారంతా అవతలి అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ గురించి చెబుతున్నారు. నా కుడి భుజానికి ఆయన భుజం తగిలినప్పుడల్లా ఊపిరి బిగబట్టేదాన్ని. చెబితే ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. బొమ్మూరు వచ్చింది. వేమగిరిలోనే చెప్పాల్సింది అనుకున్నాను. కోర్టు వచ్చేసింది.

మొదటి సెట్టు ఎలా ఆడానో తెలీదు. ఆరు మూడుతో గెలిచాను. అవతలి అమ్మాయి నాకంటే ఎక్కువ కంగారుపడింది, అంతే. గెలిచినందుకు నాకు సంతోషం కలగలేదు. గెలిచిన వాళ్ళు భుజం పట్టుకోకూడదు, ఇంకా ఆడాలి అనిపించింది.

రెండో సెట్టులో మూడు గేములయ్యాయి. సరిగ్గా మూడు. అప్పుడు సర్వీసు కోసం చెయ్యి ఎత్తితే వేళ్ళు తెలియలేదు. రాకెట్టు ఉందో లేదో తెలియలేదు. బంతి పైకి వెళ్ళింది, రాకెట్టు చేతిలోంచి జారి లైను చూడడానికి కూర్చున్న ఆవిడ పక్కనుంచి ఎగిరిపోయి కంచెకి తగిలింది. ఆవిడ కెవ్వుమంది. ఒక్క జానెడు ఇటు వస్తే ఆవిడ మొహానికి తగిలేది.

అంపైరు దిగి వచ్చారు. "ఏమైందమ్మా? ఆడగలవా?"

నేను చేతి వంక చూసుకోలేదు. కంచె అవతల నిలబడ్డ ముగ్గురి వంకా చూశాను. నాన్న నోరు తెరిచి ఉన్నారు. మాస్టారు రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి, తల ఊపారు. ఆడు, అని.

ఆడాను. ఎడం చేత్తో రాకెట్టు పట్టుకుని కింద నుంచి సర్వీసు చేశాను. అవతలి అమ్మాయి కొట్టడానికి కూడా మొహమాటపడింది. రెండో బంతి తరవాత నా కుడి చెయ్యి పక్కన ఊగుతోందని నాకే కనబడింది. టీకొట్టు ఆయన ఒళ్ళో ఉండే చెయ్యిలాగే ఉంది. అక్కడే మట్టిలో కూలబడిపోయాను.

"ఆడనండీ," అన్నాను. "నాకు భయమేస్తోంది. ఇంక ఆడను."

భయం అన్న మాటే నా నోట్లోంచి వచ్చింది. నొప్పి అని రాలేదు. అందరికీ వినబడింది.

అక్కణ్ణుంచి నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. దారంతా నేను రేపు పొద్దున కొట్లో ఏమనుకుంటారో వింటూ కూర్చున్నాను. మొదటి సెట్టు గెలిచిందండి. మూడు గేములయ్యాక భుజం పట్టుకుంది. అవే మాటలు, నా మీద.

డాక్టరు నొక్కి చూసి, స్కానింగ్ తీయించి, "ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అనడిగారు.

"ఇవాళేనండి."

"ఇవాళ్టిది కాదిది. లోపలి కండరం ఎప్పుడో చిరిగింది. దాన్ని రోజూ లాగి లాగి పెద్దది చేశావు. నరం కూడా ఒత్తుకుపోయింది. పదిహేను రోజుల ముందొస్తే నెల రోజుల విశ్రాంతితో పోయేది."

నాన్న నా వంక చూశారు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను. ఇంటికెళ్ళాక అమ్మ చెప్పేసింది, రెండు వారాల నుంచి జడ తనే వేస్తోందని. చెబుతూ తనే ఏడిచింది, ఎందుకు అడగలేదా అని. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు.

చెయ్యి మెడకి కట్టి వేలాడదీశారు. మూడు రోజులు కొట్లో వాదన లేదు. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టేసేవారు. నాలుగో రోజు ఇద్దరూ వచ్చారు. నేను కర్టెన్ వెనకే ఉన్నాను. ఉండకూడదనుకున్నాను, కాళ్ళు కదల్లేదు.

"అమ్మాయి చెయ్యెలా ఉందండి?" మాస్టారి గొంతు.

"వేళ్ళు కదుపుతోంది."

"చిరిగిన భుజంతో ఒక సెట్టు గెలిచిందంటే మాటలా? నేను తయారుచేసిన పిల్లల్లో అలాంటి గుండెధైర్యం ఎవరికీ లేదండి."

"మరి ఆ రోజు ఆ అమ్మాయిని అన్నారుగా," అన్నారు మిల్లాయన. "ఆవిడదీ భుజమే కదండీ?"

"ఆవిడ సంగతి వేరండి," అన్నారు మాస్టారు. "ఆవిడది నాటకం."

నాకు ఎందుకంత కోపం వచ్చిందో చెప్పలేను. మెచ్చుకున్నందుకు సంతోషించాల్సింది. కర్టెన్ తోసుకుని కొట్లోకి వెళ్ళాను. పెద్దవాళ్ళ మాటల మధ్యలోకి నేనెప్పుడూ వెళ్ళింది లేదు.

"మాస్టారూ, నాకు రెండు వారాల నుంచి నొప్పండీ. మీకు చెప్పడానికి భయమేసింది."

ఆయన తెల్లబోయారు. "నేనేమన్నానమ్మా నిన్ను?"

"నన్నేమీ అనలేదండి. ఆవిణ్ణి అన్నారు. నేను లోపల్నుంచి విన్నాను."

బయట లారీ ఒకటి వెనక్కి వస్తూ హారన్ కొడుతోంది. మిల్లాయన తలొంచుకున్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. చివరికి లేచి, "వస్తానండి," అని నాన్నకి చెప్పి సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన వయసెంతో నాకు ఆ రోజే తెలిసింది.

నాన్న మాత్రం అక్కడే కూర్చుని, "నేను కూడా అన్నానుగా," అన్నారు. "అదీ మాట అన్నాను." అంతకుమించి మా మధ్య ఆ విషయం ఎప్పుడూ రాలేదు.

మాస్టారు నెల రోజులు మా కొట్టు వైపు రాలేదు. చెయ్యి పూర్తిగా బాగవడానికి అయిదు నెలలు పట్టింది. వేసవి సెలవుల్లో, పరీక్షలయ్యాక, ఆయనే ఇంటికొచ్చి, "ఊరికే బంతి తాకుతావా అమ్మా?" అని అడిగారు. వెళ్ళాను. నెట్టుకి దగ్గరగా నిలబడి మెత్తగా బంతులు విసిరారు. ఏడో బంతికో ఎనిమిదో బంతికో భుజంలో సన్నగా లాగింది. ఆగాను. చెప్పకుండా కాసేపు రాకెట్టు తీగలు సవరించుకున్నాను. అన్నీ జరిగాక కూడా, ఆయనకి అన్నీ తెలిశాక కూడా, అంత భయం.

"నొప్పిగా ఉందండీ," అన్నాను.

ఆయన చేతిలో బంతిని జేబులో పెట్టుకున్నారు. "ఎక్కడ? చూపించు," అంటూ నెట్టు దాటి వచ్చారు.