షెడ్యూలు కింద సంతకం

1998లో ఒక విశ్వవిద్యాలయ రాజనీతి శాస్త్ర విభాగం వారు నన్ను క్షేత్ర సహాయకురాలిగా తీసుకున్నారు. శామీర్‌పేట చుట్టుపక్కల గ్రామాల్లో మహిళా వార్డు సభ్యుల పనితీరు మీద పరిశోధన. ఆ విభాగంలో సగంమంది పరాయి దేశాల ఒప్పందాల మీద పనిచేసేవారు. ఏ దేశానికి ఏ దేశంతో తగాదానో చెప్పగలరు గానీ శామీర్‌పేటకు ఏ బస్సు ఎక్కాలో తెలియదు.

ఇళ్లు చూపించడం నా పని. షెడ్యూలు కింద సంతకం పెట్టడం రెండో పని. షెడ్యూలు అంటే అచ్చువేసిన ప్రశ్నల పత్రం. పరిశోధకుడు అడిగి జవాబులు రాసుకుంటాడు. సభ్యురాలే చెప్పిందని నేను సంతకం పెడితేనే విభాగం తీసుకుంటుంది. నేను అక్షరాలు నేర్చింది నలభై దాటాక. చదవకుండా దేని మీదా సంతకం పెట్టేదాన్ని కాదు.

పరిశోధక విద్యార్థి రమేశ్ నెలాఖరులోగా నలభై షెడ్యూళ్లు ఇవ్వకపోతే అతని పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. చివరిది సుగుణమ్మ అనే వార్డు సభ్యురాలిది. మేం వెళ్లగానే ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. భర్త కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"ఆమెకేం తెలుస్తది సార్? నన్నడుగుండ్రి."

రమేశ్ ఆయన్నే అడిగాడు. వార్డుకు మొదట కావలసింది కమ్యూనిటీ హాలు అని రాసుకున్నాడు. జవాబు చెప్పినవారు అన్న గడిలో 'సభ్యురాలు' అని టిక్కు పెట్టాడు. నేను చదివి కాగితం వెనక్కిచ్చాను.

"ఏ ఇంట్లనైనా పెత్తనం మొగోళ్లదే గదా. ఒక్క సంతకం పెట్టక్కా, నా రిజిస్ట్రేషన్ పోతది."

"పోతే మీది పోతది సార్. సంతకం నాది."

బస్టాపు దగ్గర అతన్ని బుధవారం మళ్లీ రమ్మన్నాను.

సుగుణమ్మ బుధవారం చర్చిలో స్త్రీల ప్రార్థనకు వస్తుందని నాకు తెలుసు. అక్కడికి మగవాళ్లు రారు. ప్రార్థన అయ్యాక రమేశ్‌ను వాకిట్లోనే ఉంచి, చాప మీద కూర్చొని ఇంకో ఖాళీ షెడ్యూలులో నేనే అడిగి రాసుకున్నాను.

"మళ్లేంది అక్కా? మా ఆయన అన్నీ జెప్పిండు గదా," అని నవ్వింది. ఆ తర్వాత ఆగలేదు.

"హాలెందుకు మాకు? మా గల్లీకి నల్లా రాదు. గది జెప్పనీకే ఎలక్షన్ల నిలబడ్డ. మీటింగుకు ఆయన పోతడు. రిజిస్టరు ఇంటికి తెస్తడు, నేను సంతకం పెడత."

"ఏం రాసిన్రో సదివినవా?"

"సదువొస్తే గదా. సంతకం ఒక్కటే నేర్పిండు."

ఆ షెడ్యూలు కింద సంతకం పెట్టాను. ఆఖరి రోజు రమేశ్ నలభై షెడ్యూళ్లు అప్పగించాడు, రిజిస్ట్రేషన్ నిలిచింది. మిగతా ముప్పై తొమ్మిదింటిలో జవాబు ఆడవాళ్లే చెప్పారు. కానీ భర్త పక్కన కూర్చొని ఉండగా ఎందరు చెప్పారో మేం రాసుకోలేదు. దానికి గడి లేదు. వాటి కింద కూడా నా సంతకమే ఉంది.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి పరిశోధనలో మొదటి ప్రశ్నకు పైన ఒక గడి వేయించాను: అడిగేటప్పుడు అక్కడ ఎవరెవరు కూర్చున్నారు. అది నింపకుండా కింద సంతకం పెట్టలేదు.