మోరీకి బొట్టు పెట్టిన ఆదిమూలం

తిరుపతి కొర్లగుంటలో కుట్టుమిషన్లు రిపేరు చేసే ఆదిమూలం మాటకు ఇంట్లో గాని వీధిలో గాని ఎప్పుడూ విలువ లేదు. అడవి జంతువుల సంఘం వాళ్ళు రోడ్ల కింద వంక నీళ్ళు పోయే మోరీలు చూసి రావడానికి మనుషులు కావాలన్నప్పుడు అతను చెయ్యెత్తింది అందుకే. వంకలో చేప ఎదురెక్కగలదా, ఉడుములూ ముంగిసలూ బండ్ల కింద పడకుండా మోరీలోంచి దాటగలవా చూడాలి. జీతం లేదు.

"జీతం లేని పనికి నిన్ను మించినోడు యాడ దొరుకుతాడులే," అంది పెళ్ళాం రేవతి.

అత్తగారి ఊరి వంక మీది మోరీ అతని వంతుకు వచ్చింది. దాని గొట్టం నీటికి మోకాలెత్తున ఉంది. చేపలు ఎగిరెగిరి సిమెంటుకు మూతి కొట్టుకుని పడుతున్నాయి. చూసిన మోరీకి గుర్తు పెట్టి రావాలి. సంఘం ఇచ్చిన రంగు డబ్బా బస్సులోనే మరిచిపోయాడు. అత్త మునెమ్మకు చెప్పకుండా ఆమె ఇంట్లోంచి సున్నం, ఎర్రమన్ను తెచ్చి, గొట్టం పైన తెల్లగా పట్టీ కొట్టి, నడుమ ఎర్రగా గుండ్రం చుట్టి వెళ్ళిపోయాడు.

సంఘం పోరగా పోరగా రోడ్ల ఆఫీసు ఒక్క మోరీ మార్చడానికి ఒప్పుకుంది. అది ఆదిమూలం చూసినదే. తన మాట మీద ఒక పని జరగబోతోందని కొర్లగుంటంతా చెప్పుకున్నాడు. తీరా ఇంజనీరును వెంటబెట్టుకుని పోతే, మోరీకి వేపమండలు, నిమ్మకాయల దండ. ముందర కొబ్బరి చిప్పలు. పక్కనే జుట్టు విరబోసుకుని మునెమ్మ, చుట్టూ జనం.

"గంగమ్మ తానుగా వెలిసిందప్పా. పలుగు తగిలిందో, కండ్లు పోతాయి!"

"అత్తా, ఆ బొట్టు పెట్టింది నేనే!"

జనం గొల్లున నవ్వారు.

"నువ్వా? పండక్కి ఇంటికి సున్నం కొట్టమంటే నడుం నొప్పని పడుకుంటావంట. ఈడికొచ్చి బొట్టు పెట్టినావా? లెంపలేసుకో!" అంది మునెమ్మ.

వేసుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఇంజనీరు కూడా వేసుకుని జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆదిమూలం గట్టు మీద కూలబడ్డాడు. ఇక కొర్లగుంటలో మొహమెట్లా చూపించాలి? ఆడవాళ్ళు బురదలో దిగబడుతూ వచ్చి మొక్కిపోతున్నారు. వాళ్ళ కాళ్ళనే చూస్తూ కూర్చున్నవాడికి ఉన్నట్టుండి తోచింది. గొట్టం నీళ్ళ దాకా దిగదు సరే, నీళ్ళే గొట్టం దాకా ఎక్కితే?

"అత్తా, బురద కాళ్ళతో అమ్మ ముందుకు వస్తా ఉండారే, ఇదేం మర్యాద? కాళ్ళు కడుక్కునేదానికి గుంట కావల్ల. మొక్కే ప్రతి మనిషీ ఒక రాయి తెచ్చి గొట్టానికి దిగువన వంకకు అడ్డమేస్తే సరి."

మునెమ్మ అల్లుణ్ణి అప్పుడే చూసినట్టు చూసింది.

"ఇది నువ్వు చెప్పేది గాదు. అమ్మే నీ నోట పలికిస్తా ఉండాది."

ఆదిమూలం పడ్డ రాళ్ళను చేప దూరేటట్టు సందులు వదిలి ఏటవాలుగా సర్దాడు.

కార్తీకంలో గట్టి వాన పడింది. రాళ్ళ వెనక నీళ్ళు నిలిచి గొట్టం అంచును అందుకున్నాయి. పరిగె చేపలు సందుల్లోంచి ఈదుకొచ్చి గొట్టంలో దూరి అవతల తేలాయి. ఆదిమూలం రోడ్డుకు ఈ పక్కా ఆ పక్కా పరిగెత్తి చూస్తూ ఒక లారీ డ్రైవరు చేత తిట్లు తిన్నాడు.

"సూస్తివా అత్తా, ఎక్కినాయి! నాలుగు పట్టి పులుసు పెట్టు."

"అమ్మ చేపలప్పా అవి! నోరు కడుక్కో."

ఆ మధ్యాహ్నం అల్లుడికి సంగటి, ఉలవచారే దక్కాయి. మళ్ళీ అడిగి పోయించుకున్నాడు.