పన్నెండు నూళ్ళ తప్పు

పేరు ఏదో ఉండే ఉంటుంది గాని, అందరూ ఆయన్ని మెట్లాయన అనే అంటారు. స్తంభాలు పోసేవాళ్ళు వేరు, గోడలు కట్టేవాళ్ళు వేరు, స్లాబు రోజున దిగే గుంపు వేరు. వాళ్ళంతా వెళ్ళిపోయాక, ఇల్లు నిలబడింది గాని పైకి పోయే దారి ఇంకా ఏటవాలు పలకలాగే ఉందన్నప్పుడు ఆయనకి కబురు వెళుతుంది. భార్యని వెంటబెట్టుకుని వచ్చి, ఆ పలక మీద ఇటుకతో మెట్లు కట్టి, పూత పూసి వెళతాడు. ఆమె సిమెంటు మాలు కలుపుతుంది, ఇటుకలు అందిస్తుంది, మధ్యమధ్య మొగుణ్ణి ఎత్తిపొడుస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఇద్దరిదీ అదే పని. ఇప్పుడాయన మోకాళ్ళు వంగితే లేవవు, లేస్తే వంగవు.

"స్తంభం తప్పయితే ఇంజనీరు పట్టుకుంటాడు. గోడ వంకరైతే దారానికి కట్టిన గుండు పట్టుకుంటుంది. మెట్టు తప్పయితే మాత్రం కాలే పట్టుకోవాలి" అనేవాడు. "కాలికి కళ్ళుండవు. మొదటి రెండు మెట్లు ఎక్కి ఎత్తెంతో నేర్చుకుంటుంది. మిగతావన్నీ నమ్మకం మీద ఎక్కేస్తుంది."

అందుకే తాపీ పట్టే ముందు ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న వేసేవాడు: "పై అంతస్తులో నేల మీద ఏం పరుస్తున్నారు?" టైలయితే నేల కాస్తే పెరుగుతుంది, రాయయితే ఎక్కువ పెరుగుతుంది. నేల పెరిగిన మేరకు చివరి మెట్టు ఎత్తు మారిపోతుంది. ఇంటాయన బుర్ర గోక్కుంటే, "ఇంటికెళ్ళి అమ్మగారిని అడిగి రండి సార్" అని కూర్చునేవాడు తప్ప, ఒక్క ఇటుక పెట్టేవాడు కాదు.

ఆయన సొంతింటి గుమ్మం ముందు మాత్రం మూడు మెట్లు మూడు ఎత్తుల్లో ఉండేవి. ఎక్కడెక్కడో మిగిలిన రాళ్ళతో ఒక ఆదివారం పూట నిలబెట్టినవి.

"ఊరందరికీ మెట్లు కడతాడు మహానుభావుడు. పెళ్ళానికి మాత్రం కొండెక్కే యోగం" అనేది భార్య.

"రేపు చూద్దాంలేవే."

ఆ రేపటికి కూడా ముప్పై ఏళ్ళు నిండాయి.

ఆ సోమవారం ఇద్దరూ రిటైరైన లెక్కల మాస్టారి ఇంటికి పిట్టగోడ పూర్తి చేయడానికి వెళ్ళారు. మెట్లు ఆయనే నాలుగు నెలల క్రితం కట్టాడు: కింద ఆరు, మలుపు, పైన పన్నెండు. భుజాన ఇసుక బస్తాతో ఎక్కుతున్నాడు. పన్నెండో అడుగు, అంటే పై అంతస్తు మీద పడాల్సిన అడుగు, రాతి అంచుకి కొట్టుకుంది. బస్తాతో సహా మోకాళ్ళ మీద పడ్డాడు.

"మెట్లాయనకే మెట్టు అడ్డమొచ్చిందా!" వెనక నుంచి నవ్వింది భార్య. ఆయన లేవకపోయేసరికి నవ్వు ఆపి, తట్ట దించి చెయ్యి అందించింది.

ఆయన చెయ్యి అందుకోలేదు. జేబులోంచి టేపు తీశాడు. మిగతా మెట్లన్నీ ఆరున్నర అంగుళాలు. చివరిది ఎనిమిది. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ ఎనిమిదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ మెట్లు కట్టిన రోజు పొద్దున వేరేచోట మెట్లు ముగించి, వాచిన మోకాళ్ళతో ఇక్కడికొచ్చాడు. ఎప్పుడు పనైపోతుందా, ఎప్పుడు నడుం వాలుద్దామా అని ఉంది. మూలన టైలు పెట్టెలు పేర్చి ఉంటే అవే పైన పరిచేవి అనుకున్నాడు. అడగలేదు. అవి స్నానాలగది గోడలవి. టైలుకని అంగుళం వదిలాడు. పైన పరిచింది రాయి; కింద మాలుతో కలిపి రెండున్నర అంగుళాలు.

చప్పుడుకి మాస్టారు బయటికొచ్చారు.

"అదా మేస్త్రీ! ఆ రాళ్ళు పరిచినవాళ్ళ నిర్వాకం. నేల ఇంత లేపేశారు. మొదట్లో మా ఆవిడ కూడా రెండుసార్లు తూలింది. ఇప్పుడు అలవాటైపోయిందిలే."

తప్పించుకునే దారి మాస్టారే చూపించారు. అవునండీ అంటే సరిపోయేది. 'ఊరుకో' అన్నట్టు భార్య కూడా కళ్ళతోనే సైగ చేసింది. మెట్లాయన మెట్టే తప్పిందని తెలిస్తే, ఏ పనికెళ్ళినా టీ గ్లాసుతో పాటు ఆ మాటే అందిస్తారు.

"మీ అమ్మాయిగారికి నెలలు నిండాయన్నారు, ఎలా ఉన్నారు?" అని అడిగాడు మెట్లాయన.

"పాప పుట్టిందయ్యా, ఆపరేషన్ చేశారు. మా ఆవిడ అక్కడే ఉంది. శనివారం ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నాం. ఇన్నాళ్ళూ మెట్లెక్కొద్దంటే కింది గదిలోనే ఉంది. ఇక పైనే, అల్లుడు గది కూడా సర్దేశాడు."

అంటే ఆ అమ్మాయి కాలికి ఈ మెట్లు తెలియవు. కడుపు మీద కుట్లు, చేతిలో పసిగుడ్డు, కళ్ళు బిడ్డ మొహం మీద. పదకొండు మెట్లు నమ్మకం మీద ఎక్కి పన్నెండోదానికి వస్తుంది.

"రాళ్ళవాళ్ళ తప్పు కాదు సార్. నేను అడగలేదు. అడక్కుండా కట్టాను. ఇవాళే పగలగొడతా."

"పగలగొడతావా? శనివారం పసిబిడ్డ వస్తుంటే!"

"అందుకే సార్. సిమెంటు మీది, ఒళ్ళు మాది."

"ఒళ్ళు మాదట" అని గొణిగింది భార్య. "ఉన్నది చాలదన్నట్టు."

మాస్టారు అలవాటు కొద్దీ కాగితం తీశారు. "ఒకటిన్నర అంగుళాన్ని పన్నెండుతో భాగిస్తే... సున్నా పాయింటు ఒకటి రెండు అయిదు."

"నూలు సార్."

"నూలేమిటి?"

"అంగుళాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక ముక్క. మెట్టుకో నూలు పంచేస్తే కాలికి తెలీదు."

పిట్టగోడ పక్కకి పోయింది. పై పదకొండు మెట్ల మీదా అర అంగుళం పాత పూత ఊడగొట్టి, కొత్తది వేయాలి. మొదటి మెట్టుకి పాతదానికన్నా ఒక నూలు ఎక్కువ, రెండోదానికి రెండు, అలా పదకొండోదానికి పదకొండు. ఊడగొట్టడంతోనే సోమవారం చీకటి పడింది. మంగళవారం పూత మొదలుపెట్టి, రెండో మెట్టు దగ్గర ఆయన లేవలేకపోయాడు. గోడకి చేయి ఆనించి, ఎవరిదో కాలన్నట్టు తన మోకాలి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"తాపీ ఇలా ఇవ్వు" అంది భార్య.

"నీకేం తెలుసు?"

"ముప్పై ఏళ్ళు మాలు అందించినదాన్ని. నీకు కొలవడం తెలుసు, పుయ్యడం నాకు తెలుసు. ఇవ్వు."

ఇచ్చాడు. కింద మెట్టు మీద కూర్చుని టేపు పట్టి, "మూడు... ఇంకొంచెం... చాలు" అంటూ పోయాడు. ఆమె పూస్తూ పోయింది. అడుగు పెట్టే చోటు లేక మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మీదే చెరో పక్కన తిన్నారు. బుధవారం సాయంత్రానికి పదకొండూ అయ్యాయి. శుక్రవారం దాకా తడి గోనెసంచులు కప్పి, పూటపూటా నీళ్ళు చల్లి వెళ్ళారు.

శనివారం పని లేదు. "తాపీ అక్కడే మర్చిపోయా" అన్నాడాయన. తాపీ ఇంట్లో చూరు కింద వేలాడుతోంది. భార్య దానికేసి చూసి చెప్పులేసుకుంది.

మాస్టారి ఇంటి ముందు కారు ఆగింది. ముందు మాస్టారి భార్య, వెనక బిడ్డతో అమ్మాయి, ఆ వెనక సంచులతో అల్లుడు. మెట్లాయన మెట్ల మలుపులో గోడకి అతుక్కుని నిలబడ్డాడు. "నెమ్మదే తల్లీ, పైన ఎత్తుగా ఉంటుంది, చూసుకో" అని ఆవిడ వెనక్కి తిరిగి చెబుతూనే ఎక్కుతోంది. ఆయన మనసులో లెక్కపెడుతున్నాడు. తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండో అడుగులో మాస్టారి భార్య కాలు బాగా పైకెత్తి వేసింది. అనుకున్నచోట నేల లేదు. కాలు దబ్బున కిందికి దిగి ఆవిడ ముందుకు తూలి తలుపు పట్టుకుంది.

"ఇదేంటి! మెట్టు దిగిపోయిందా?"

నాలుగు నెలలు పట్టి ఆ కాలు ఎనిమిది అంగుళాలు నేర్చుకుంది. ఆ సంగతి మెట్లాయనకి తట్టనే లేదు; ఆవిడకి చెప్పి ఉంచమని మాస్టారితో అననూ లేదు.

అమ్మాయి మాత్రం, "నువ్వే చూసుకోమ్మా" అని నవ్వుతూ, బిడ్డ మొహం మీంచి చూపు తిప్పకుండా పన్నెండో అడుగు వేసి లోపలికి వెళ్ళిపోయింది. మెట్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఇంటి దగ్గర భార్య ముందు నడిచింది. పెద్ద అడుగు, చిన్న అడుగు, మళ్ళీ పెద్దది. చూడకుండానే మూడు మెట్లూ ఎక్కి తలుపు తీసింది. ఆయన కాళ్ళూ అలాగే ఎక్కాయి.

"ఇక మన మెట్ల సంగతి చూస్తావా?" అంది ఆమె, మంచినీళ్ళు అందిస్తూ.

ఆయన గోడకి జేరబడి కాళ్ళు చాపుకున్నాడు.

"ఇప్పుడు సరిచేస్తే ఇద్దరం పడతామే" అన్నాడు.