పెద్ద అక్షరాల అన్న

ఒక మనిషి పోయాడని విన్నాక, అతని మీద మీరు చివరిసారి రాసిన మాట ఏమిటో వెనక్కి వెళ్ళి చదువుకునే ధైర్యం మీలో ఎంతమందికి ఉంది?

నాకూ లేదు. అయినా చదివాను. చదివిన రోజు నుంచి ప్రసంగం చెప్పడానికి నోరు రావడం లేదు.

మా పక్కింటి అన్న పోయాడు. కృష్ణ ఒడ్డున మా పవర్ స్టేషన్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. సోమవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. వదినె గోడ మీదుగా నన్ను కేకేసి పిలిచింది. నేను దూకి వెళ్ళేసరికి చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, మనిషి లేడు.

గంటలో ఆ వార్త అరుగు మీదకి ఎక్కింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. మహానుభావుడట, అరుగుకు ప్రాణం పోసినవాడట. అవే వేళ్ళు. ఏడాది కింద ఆయన్ని ఏమేమి తిట్టాయో ఆ వేళ్ళకు గుర్తు లేదు.

అరుగు అంటే తెలియని వాళ్ళ కోసం చెప్తాను. ఉద్యోగాల కోసం ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి ఈ కన్నడ గడ్డకొచ్చి బొగ్గు, బూడిద మధ్య బతికిన తెలుగువాళ్ళం మేం. రిటైరై తలా ఒక ఊరు పట్టాక మాట్లాడుకోవడానికి అన్న కంప్యూటర్‌లో కట్టిన చోటు అది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా బదులివ్వొచ్చు. కన్నడ స్నేహితులు హరటె కట్టె, అంటే కబుర్ల అరుగు, అని నవ్వేవాళ్ళు. జోకులకొక పేజీ, రాజకీయాలకొకటి, నేను చెప్పే బైబిలు వాక్యానికొకటి. అన్నిటికన్నా అడుగున హాజరు పేజీ. ఒంటరిగా బతుకుతున్న పెద్దవాళ్ళు పొద్దున పది లోపల అక్కడ బటన్ నొక్కి హాజరు వేయాలి. నొక్కకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కుంటారు. డ్యూటీకి రాని మనిషిని వెతికే పద్ధతి మా ప్లాంటులో ఉండేది, దాన్నే అన్న ఇక్కడికి తెచ్చాడు.

అన్న ఏ కాలేజీలోనూ ఇది నేర్చుకోలేదు. కాలనీ లైబ్రరీలో ఒక మూలనున్న కంప్యూటర్ ముందు ఎండాకాలమంతా కూర్చుని నేర్చుకున్నాడు. నేను లేఖనాలు ఎలా నేర్చుకున్నానో అలాగే, అడగడానికి ఎవరూ లేక, తప్పులు చేసుకుంటూ. రిటైరైనా ఆయన గడియారం మాత్రం షిఫ్టులోనే ఉండేది. "పదహారు గంటలకు రా తమ్మి, చాయ్ తాగుదం" అనేవాడు. పట్టపగలు కూడా జేబులో టార్చిలైటు. మా ఇళ్ళ మధ్య గోడ మీద ఎప్పుడూ పల్చగా బూడిద పేరుకుని ఉంటుంది. దాన్ని భుజమ్మీది తువ్వాలుతో తుడిచి గానీ బొరుగుల మండక్కి గిన్నె పెట్టేవాడు కాదు. నా ప్రార్థన కూడికలకు కుర్చీలు వేసేది ఆయనే. ప్రసంగం మొదలుకాగానే ఆఖరి కుర్చీలో నిద్రపోయేదీ ఆయనే. ఆయన దేవుడు వేరు. ఆ ముచ్చట మా మధ్య ఎన్నడూ రాలేదు.

అరుగు మిత్రులారా, షిఫ్టు అప్పగింత ఎలాగుంటుందో మీకు నేను చెప్పాలా? దిగిపోయేవాడు లాగ్ బుక్‌లో ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో రాస్తాడు. ఎక్కేవాడు అది చదివి, కింద సంతకం పెట్టి, అప్పుడు కుర్చీలో కూర్చుంటాడు. ముప్పై ఏళ్ళు మనమందరం ఇదే చేశాం. చదవకుండా సంతకం పెట్టిన కొత్తవాణ్ణి అన్న పక్కకు పిలిచి ఒకే మాట అనేవాడు: "నువ్వు బుక్కు చదవకపోతే మిషన్ నిన్ను చదువుతది." వాడు మళ్ళీ ఎప్పుడూ ఆ తప్పు చేసేవాడు కాదు.

కిందటేడు అన్న అరుగు ముఖం మార్చాడు. హాజరును అడుగు నుంచి తెచ్చి అన్నిటికన్నా పైన పెట్టాడు. అక్షరాలు పెద్దవి చేశాడు. బటన్ బొటనవేలంత చేశాడు. మిగతావన్నీ కిందికి జరిపాడు. జరిపి, ఏం చేశాడో ఎందుకు చేశాడో ఒక అప్పగింత నోటు రాసి, పైన కుడివైపున పెట్టాడు.

ఇక మీ సణుగుడు మొదలైంది. దాసత్వం నుంచి బయటపడిన జనం అరణ్యంలో నిలబడి ఐగుప్తు దోసకాయల కోసం, ఉల్లిపాయల కోసం ఏడ్చారని లేఖనంలో చదివినప్పుడు, ఇంత చవకబారు మనుషులు ఉంటారా అనుకునేవాణ్ణి. ఉంటారు. వాళ్ళందరికీ అరుగు మీద ఖాతాలున్నాయి. జోకుల పేజీ కోసం నాలుగు వేళ్ళ మందం కిందికి జరపాల్సి వస్తుందని ఒకాయన కొంపలంటుకున్నట్టు అరిచాడు. నీలం రంగు చూస్తే తల తిరుగుతోందని ఇంకొకాయన. ముప్పై ఏళ్ళు బాయిలర్ మంటలు చూసిన కళ్ళు అవి, వాటికి నీలం రంగు పడలేదట! టర్బైన్ సెక్షన్ పెద్ద ఇంజనీరు నాలుగు పేజీల ఫిర్యాదు రాశాడు, పక్కనే ఉన్న ఒక్క పేజీ నోటు మాత్రం చదవలేదు. ఇక అరుగు గడప తొక్కనని ఒక మహాశయుడు మూడుసార్లు వీడ్కోలు చెప్పాడు. మూడుసార్లూ భోజనాల వేళకు తిరిగొచ్చి, తన వీడ్కోలుకు ఎంతమంది బాధపడ్డారో చూసుకున్నాడు. కొందరు అలిగి వెళ్ళి 'అసలు అరుగు' అని వేరే పెట్టుకున్నారు. అక్కడ ఎవరు పెద్ద అన్నదాని మీద కొట్టుకుని వారంలో మూసుకున్నారు. లాగ్ బుక్ చదవనిదే కుర్చీ ఎక్కని మనుషులు వీళ్ళు. ఒక్కడంటే ఒక్కడు ఆ నోటు తెరవలేదు.

నన్ను పక్కన పెట్టి మిమ్మల్ని కొడుతున్నానని అనుకోకండి. అందరికన్నా పొడుగు తిట్టు నాదే. నా వాక్యం పేజీ రాజకీయాల కింద పడింది కదా, దేవుని పరువు పోయినంత పని చేశాను. పరిశుద్ధ స్థలంలో బంగారు దూడ విగ్రహాన్ని నిలబెట్టావని అన్నను పేరు పెట్టి మరీ రాశాను. పోయింది దేవుని పరువు కాదు, నాది. అప్పుడు ఆ తేడా కనబడలేదు.

ఆ సాయంత్రం పదహారు గంటలకు గోడ దగ్గర తువ్వాలు దులిపిన చప్పుడైంది. బయటికి వెళ్ళాలంటే సిగ్గు, వెళ్ళకపోతే ఇంకా సిగ్గు. వెళ్ళాను. అన్న గోడ తుడిచి, గిన్నె పెట్టి, మిరపకాయ బజ్జీ ఒకటి నా వైపు జరిపాడు.

"గట్టిగనే తిట్టినవ్ తమ్మి" అన్నాడు.

నేను బజ్జీ చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వు రాసింది నా కళ్ళద్దాలు లేకుండనే చదివిన. అక్షరాలు మంచిగ కనవడ్తున్నయ్ కదా?"

వెక్కిరింపు అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు. ఆయనకు కావలసింది అదొక్కటే. ఇంత తిడుతుంటే పాతదే పెట్టేయరాదా అన్నాను. మండక్కి నమిలి, నింపాదిగా చెప్పాడు: "బటన్ జరిగితే ఎవడూ చావడు. ఫోన్ రాకపోతే చస్తడు."

అదేంది అని నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడు. బజ్జీ తిని లోపలికి వచ్చేశాను.

ఇప్పుడు మీరు చేసిన ఘనకార్యం దగ్గరికి వస్తాను. అన్న పోయిన మూడో రోజు అరుగు కమిటీ కూర్చుంది. ఆయన జ్ఞాపకార్థం ఏదైనా చేయాలన్నారు. సెక్రటరీ లేచి, అన్న మొదట కట్టిన పాత ముఖాన్నే తిరిగి పెడదాం, అదే నిజమైన నివాళి, ఆయన ఆత్మ శాంతిస్తుంది అన్నాడు. చప్పట్లు. ఒక కుర్రాణ్ణి పిలిపించి సాయంత్రానికి పాత ముఖం పెట్టించారు. పైన అన్న ఫోటో, దానికి దండ. చిన్న అక్షరాలు మళ్ళీ వచ్చాయి, హాజరు మళ్ళీ అడుగుకు పోయింది. ప్రవక్తలను రాళ్ళతో కొట్టినవాళ్ళ పిల్లలే ఆ సమాధులకు సున్నం వేసి మురిసిపోయారని చదువుతాం కదా. మీరు పిల్లల దాకా కూడా ఆగలేదు. కొట్టిందీ మీరే, సున్నం వేసిందీ మీరే.

పదోరోజు పని అయ్యాక వదినె నా చేతిలో ఒక కాగితం పెట్టింది. అన్న అరుగు మీద పెట్టిన అప్పగింత నోటే అది. "పోయి నీ వాళ్ళను చదువుమను. తిట్టుడు అయిపోయింది కదా, ఇంక తీరికనే ఉంటది" అంది. మనిషి గొంతు పెంచలేదు.

నోటులో అన్న మాటల్లోనే ఇలా ఉంది. మస్కిలో ఉండే బాయిలర్ ఫిట్టర్ తాతకు చూపు తగ్గింది. హాజరు అనుకుని రోజూ పైనున్న జోకుల పేజీ నొక్కుతున్నాడు. ఆయన పేరు పక్కన గడి ఖాళీగా ఉండడం అందరికీ మామూలైపోయింది. ఒక పొద్దు ఆయన స్నానాల గదిలో జారిపడ్డాడు. ఆ రోజూ గడి ఖాళీనే. నేను కూడా మామూలే అనుకుని ఫోన్ చేయలేదు. మరునాడు అనుమానం వచ్చి బస్సెక్కి పోయేసరికి ఇంకా నేల మీదే ఉన్నాడు, నీళ్ళు అడిగాడు. తప్పు నాది. అందుకే హాజరు పైకి, అక్షరం పెద్దది, బటన్ పెద్దది. జాబితాలో పదకొండు మంది ఉన్నారు. పది దాటాక ఖాళీ గడులకు ఫోన్ నేను చేస్తున్నాను. నా తర్వాత ఎవరైనా తీసుకోవాలి.

దాని కింద 'చార్జి తీసుకున్నవారు' అని రాసి ఒక గీత. ఏడాదిగా ఆ గీత మన కళ్ళ ముందే ఖాళీగా ఉంది.

ఆ ఫోన్లు ఎవరో ఒకరు చేస్తున్నారని మనందరం అనుకున్నాం. ఆ ఎవరో ఒకరు ఒక్కడే.

నిన్న మస్కి వెళ్ళాను. బస్టాండు నుంచి ఆటో పట్టుకుని, సంత వీధి దాటి తాత ఇంటికి చేరాను. ఫోన్‌లో అరుగు తెరిచి, కంటికి ఆనించుకుని చూస్తున్నాడు. నేనెవరో చెప్పుకున్నాక ఆయన అడిగిన మొదటి మాట ఇది:

"పెద్ద అక్షరాల సారు ఏమైండు? అక్షరాలన్నీ చీమలైపోయినయ్. రోజూ నొక్కుతున్న. తప్పో ఒప్పో, ఫోన్ మాత్రం వస్తలేదు."

అన్న పోయిన వార్త, మీ దండాలు, మీ దండ వేసిన ఫోటో, ఏదీ ఆయనకు చేరలేదు. చిన్న అక్షరాల్లో రాశారు కదా. నేనే చెప్పాల్సి వచ్చింది. తాత ఫోన్ ఒళ్ళో పెట్టుకుని దాన్ని తువ్వాలుతో తుడిచాడు. తర్వాత, "నా హాజరు చూసేటందుకు ఇంతమంది ఉన్నరనుకున్న. ఒక్కడేనా?" అన్నాడు.

దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి పక్కనుంచి తప్పుకుపోయిన యాజకుడి మీద నేను ఎన్ని ప్రసంగాలు చెప్పానో! వేలెత్తి, గొంతు చించుకుని చెప్పాను. ఆ యాజకుడు చేతిలో లేఖనం పట్టుకుని, వాక్యం పేజీ ఎక్కడికి జరిగిందో చూసుకుంటూ పోయి ఉంటాడని ఇప్పుడు అర్థమైంది.

ఇవాళ పొద్దున ఆ నోటును అరుగు మీద మళ్ళీ పెట్టాను, నాకు చేతనైనంత పెద్ద అక్షరాల్లో. గీత మీద నా పేరు రాశాను. ఒక్క పేరు చాలదు. నేనూ అరవై దాటినవాణ్ణే, రేపు నేనూ గ్లాసు కింద పెట్టొచ్చు.

కమిటీ పెద్దలారా, ఆ ఫోటో, ఆ దండ తీసేయండి. ఆయన పెట్టిన ముఖం తిరిగి పెట్టండి. ఈ ఆదివారం కాదు, నెలాఖరు మీటింగ్‌లో కాదు, ఇవాళ పద్దెనిమిది గంటల లోపల. మిగతావాళ్ళు ముందు నోటు చదవండి. చదివి సంతకం పెట్టండి. మీకు రాని పనేం కాదు.

ఇది రాస్తుండగానే పది దాటింది. అడుగున ఉన్న హాజరు పేజీ తెరిచి చూశాను. పదకొండు గడుల్లో నాలుగే నిండాయి. మస్కి తాతకు ఫోన్ చేశాను, ఎత్తాడు. తుర్విహాళలో ఒంటరిగా ఉండే స్టోర్ కీపరమ్మకు చేశాను. మోగుతోంది. ఇంకా ఐదు గడులున్నాయి, ఐదు నంబర్లూ నోటు కిందే ఉన్నాయి. ఇది చదవడం ఆపి ఫోన్ తీయండి.

ఇక్కడ ఇంకా మోగుతూనే ఉంది.